ఆ చేతిలోని కాగితాన్ని ఎందుకు కత్తిరించారు?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య లియొనార్డో డావిన్సీ వేసిన ‘సంగీతకారుడి చిత్తరువు’ గురించి ఒక పేజీ వ్యాసం వేశారు. పొద్దున్నే పేపరు తెరవగానే ఎర్రటోపీ పెట్టుకున్న ఆ కుర్రవాడు కనిపించాడు. చాలా సంతోషమేసింది. సినిమావాళ్ల ముఖాలకు దొరికేంత చోటు ఐదు వందల ఏళ్ల కిందటి ఒక పాటగాడి ముఖానికి దొరకడం రోజూ జరిగేది కాదు. ముందుగా మీకూ, ఆ వ్యాసం రాసినవారికీ నా కృతజ్ఞతలు.

చదవడం అయ్యేసరికి మాత్రం మనసు కష్టపడింది. మీరు అచ్చువేసిన బొమ్మలో ముఖం ఉంది, టోపీ ఉంది, ఉంగరాల జుట్టు ఉంది. మెడ దాటి కాస్త కిందికి రాగానే బొమ్మ అయిపోయింది. చెయ్యి లేదు. చేతిలో కాగితం లేదు. పేజీలో చోటు చాలక కత్తిరించి ఉంటారు, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ వ్యాసంలోనూ ఆ కాగితం ఊసే లేదు. ముఖం ఒక్కటే చూసి, ఆ అబ్బాయి ప్రేమలో ఓడిపోయినవాడని, లోకం పట్టించుకోని కళాకారుడని, ఆ కళ్లల్లో ఎవరికీ చెప్పుకోలేని దిగులు ఉందని రాసుకుంటూ పోయారు.

నేను వయొలిన్ వాయిస్తాను, అనంతపురంలో పిల్లలకు నేర్పుతాను. చాలా ఏళ్లుగా ఈ బొమ్మ అంటే నాకు ప్రాణం. ఆ ముఖంలో ఉన్నది దిగులు కాదండీ. తన వంతు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి కాచుకొని ఉన్న పాటగాడి ముఖం అది. చేతిలో కాగితం కనిపిస్తే తప్ప ఆ సంగతి తెలియదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. దయచేసి ఓపికగా చదవండి.

అసలు బొమ్మ చాలా చిన్నది. ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు, వెడల్పు 32. వాల్‌నట్ చెక్క మీద నూనె రంగులతో వేసింది. లియొనార్డో ఫ్లోరెన్స్ నుంచి మిలాన్‌కు వచ్చిన తొలి ఏళ్లలో, అంటే 1480ల మధ్యలో వేశాడని పండితుల లెక్క. ఇప్పటికీ ఆ ఊళ్లోనే, అంబ్రోజియానా చిత్రశాలలో ఉంది. ఆయన వేసిన చిత్తరువుల్లో మనకు దక్కినవే తక్కువ. జినేవ్రా, సెసీలియా, మోనాలీసా, ఇలా అందరూ ఆడవాళ్లే. మగవాడి చిత్తరువు ఇదొక్కటే. అదీ ఒక రాజుదో సేనాపతిదో కాదు, పాడుకొని బతికే మనిషిది. సంగీతం మీద బతుకుతున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

వెనకంతా నల్లగా చీకటి. ముఖం మన కుడివైపుకు తిరిగి ఉంటుంది, వెలుగూ అటునుంచే వచ్చి నుదుటి మీద, చెక్కిలి మీద, ముక్కు దూలం మీద పడుతుంది. ముఖం, జుట్టు చాలా శ్రద్ధగా పూర్తిచేశాడు. ఒక్కొక్క ఉంగరం విడివిడిగా మెరుస్తుంది. దుస్తుల దగ్గరకొస్తే పని సగంలోనే ఆగిపోయింది. ఆ గోధుమరంగు పట్టీ ఉత్త రంగు పూసి వదిలేసినట్టే ఉంటుంది. ఒంటి భాగం శిష్యులెవరో వేశారని అన్నవాళ్లూ ఉన్నారు. దానికింద, బొమ్మ అడుగున, ఒక చెయ్యి. వేళ్ల మధ్య మడిచి పట్టుకున్న కాగితం. కాగితం మీద అడ్డగీతలు, ఆ గీతల మీద స్వరాల గుర్తులు, పక్కన కొన్ని అక్షరాలు. అక్షరాలు సగం సగం చెరిగిపోయాయి. ఆ స్వరాలను పట్టుకొని ఇవాళ ఒక పాట పూర్తిగా పాడుకోలేం. అయినా అది సంగీతం రాసిన కాగితమే అనడంలో ఎవరికీ సందేహం లేదు.

ఆ కాగితం పడిన కష్టం మీ పాఠకులకు తప్పకుండా చెప్పాలి. ఆ చెయ్యీ, ఆ కాగితమూ చాలాకాలం పైన పూసిన రంగు కింద కప్పుబడి ఉండేవి. 1904-05లో బొమ్మను శుభ్రం చేస్తే బయటపడ్డాయి. అంతవరకు ఈ బొమ్మలో ఉన్నది మిలాన్‌ను ఏలిన డ్యూకు లుడోవికో స్ఫోర్జా అనుకొనేవాళ్లు. అదే చిత్రశాలలో జడకు ముత్యాల వల వేసుకున్న ఒక అమ్మాయి చిత్తరువు ఉంది. ఆమె డ్యూకు భార్య బియాట్రిచే అని, ఈయన ఆమె భర్త అని జంట కూడా కుదిర్చారు. కాగితం కనిపించనంత కాలం పెద్దపెద్దవాళ్లకే ఆ ముఖంలో పాలకుడు కనిపించాడు. మీ వ్యాసకర్త గారికి అదే ముఖంలో ప్రేమలో ఓడినవాడు కనిపించాడు. ముఖం ఒక్కటే చేతికిస్తే ఎవరి మనసులో ఉన్నది వాళ్లు అందులో చదువుకుంటారు. ఒకరిది తప్పు అని కాదు, ఆ ముఖానికి ఆధారం చేతిలో ఉంది. నూరేళ్ల కిందట అంత జాగ్రత్తగా రంగు గీకి బయటికి తీసిన ఆ ఆధారాన్ని మీ పేజీలో మళ్లీ కప్పేశారు. నాకు బాధ కలిగించింది అదే.

కాగితం బయటపడ్డాక అందరూ ‘ఎవరీ సంగీతకారుడు?’ అన్న ప్రశ్న మీద పడ్డారు. మిలాన్ పెద్ద చర్చిలో 1484 నుంచి గాయక బృందానికి గురువుగా ఉన్న ఫ్రాంకినో గఫూరియో అన్నారు కొందరు. కాగితం మీది అక్షరాలు ఆయన పుస్తకం పేరుకు సరిపోతాయని వాదం. ఆ పుస్తకం అచ్చయింది 1508లో, బొమ్మ వేసిన ఇరవై ఏళ్లకు. పైగా ఆయన మతగురువు, ఈ దుస్తులు మతగురువువి కావు. లియొనార్డోతో కలిసి ఫ్లోరెన్స్ నుంచి మిలాన్‌కు వచ్చిన అట్లాంటే మిగ్లియొరొట్టి అనే కుర్రవాడు అన్నారు ఇంకొందరు. వయసు సరిపోతుంది. లియొనార్డో తన దగ్గరున్న బొమ్మల పట్టీ రాసుకుంటూ అట్లాంటే ముఖం పైకెత్తిన చిత్తరువు ఒకటి ఉందని రాశాడు. కానీ ఈ బొమ్మలో ముఖం పైకెత్తి లేదు, చదునుగా ఉంది. గొప్ప స్వరకర్త జోస్కాన్ అన్నవాళ్లూ ఉన్నారు. ఏదీ తేలలేదు. తేలకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం. పేరు తెలిస్తే ఒక పేరు తెలుస్తుంది. ఆ మనిషి ఆ క్షణంలో ఏం చేస్తున్నాడో తెలిస్తే బొమ్మ తెలుస్తుంది.

ఏం చేస్తున్నాడు? కాగితం చేతిలో ఉంది, కానీ దాన్ని చూడటం లేదు. పెదవులు మూసుకొని ఉన్నాయి. మనవైపూ చూడటం లేదు. పక్కకు, బొమ్మ చట్రం అవతలికి చూస్తున్నాడు. చూపు ఒకచోట నిలిచి ఉంది, కానీ ఏ వస్తువునో చూస్తున్న చూపు కాదు. దీన్నే దిగులు అన్నారు మీ వ్యాసకర్త గారు.

ఆ రోజుల్లో వాళ్లు పాడిన పద్ధతి కాస్త తెలిస్తే ఈ చూపు అర్థమవుతుంది. మన కచేరీలో పాట ఒకటే, దారి ఒకటే. గాయకుడు ముందు నడుస్తాడు, వయొలిన్ వెంట పోతుంది. వాళ్ల చర్చిల్లో, దర్బారుల్లో మూడు నాలుగు గొంతులు ఒకేసారి నాలుగు వేరువేరు దారుల్లో పాడేవి. ఒక గొంతు ఎత్తుకుంటుంది, కాసేపటికి రెండోది అందుకుంటుంది, అప్పటికి మొదటిది ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. అన్నీ విడివిడిగా పోతున్నట్టే ఉండి ఒకచోట కలుస్తాయి. ఇవాళ్టి స్కోరు పుస్తకాల్లో లాగ అందరి స్వరాలూ ఒకదాని కింద ఒకటి రాసి ఉండేవి కావు. ఎవరి భాగం వాళ్లకు విడిగా ఉండేది. తాళం ఎక్కడ తెగుతుందో చూపే నిలువు గీతలు కూడా ఉండేవి కావు. పాడకుండా ఊరుకోవలసిన చోట్లకు గుర్తులు మాత్రం ఉండేవి. మిలాన్ డ్యూకు గలియాజో మరియా స్ఫోర్జా 1470ల్లోనే ఉత్తరాది నుంచి గాయకులను రప్పించి పెద్ద బృందం కట్టాడు. ఈ అబ్బాయి ఎవరైనా సరే, ఆ ఊళ్లో ఆ గాలి పీల్చినవాడే.

అలాంటి పాటలో మీ చేతి కాగితంలో మీ స్వరాలే ఉంటాయి. పక్కవాళ్లు ఏం పాడుతున్నారో అందులో ఉండదు. మౌనంగా ఉండవలసినంతసేపు లోపల తాళం వేసుకుంటూ, పక్కవాళ్ల గొంతులు వింటూ, సరిగ్గా మీ చోట దూకాలి. కాగితం చూస్తూ కూర్చుంటే దూకలేరు. ఆ తాళానికి వాళ్లు చెయ్యి కిందికీ పైకీ ఆడించేవాళ్లు. ఇందాక చెప్పిన గఫూరియోనే 1496లో అచ్చయిన తన సంగీత గ్రంథంలో, నెమ్మదిగా ఊపిరి తీసుకొనే మనిషి నాడి కొట్టుకొనే వేగాన్ని కాలప్రమాణంగా చెప్పాడు. నాకు ఈ మాట చాలా ఇష్టం. మా పిల్లలకు టెన్షన్‌లో కాలప్రమాణం పరుగెత్తినప్పుడల్లా ముందు వయొలిన్ కింద పెట్టించి ఊపిరి సరిచేసుకోమంటాను.

ఇక నా సంగతి. పక్కవాద్యం వాయించేవాళ్లకు సగం కచేరీ కాచుకోవడమే. గాయకుడు ఆలాపన చేస్తున్నంతసేపు నీడలాగా వెనక ఉండాలి, ఆయన ముగించాక మన వంతు. నెరవలు, అంటే పాటలోని ఒకే పాదాన్ని రకరకాలుగా అల్లి పాడటం, ఎత్తుకున్నప్పుడు ఇంకా కష్టం. ఆయన ఒక ఆవృతం, అంటే తాళం ఒక చుట్టు, పాడతాడు, తర్వాతది మనది. కమాను తీగ మీద ఆనీ ఆననట్టు పెట్టుకొని కూర్చుంటాం. కుడిచేతి చిటికెనవేలి బరువు కూడా మారకూడదు, మారితే తీగ పలుకుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి కానీ ఏమీ చూడవు. ముందు వరసలో ఎవరు లేచారో, ఎవరు కాఫీ అందిస్తున్నారో తెలియదు. పళ్లు బిగుసుకోవు కానీ పెదవులు కలిసి ఉంటాయి. ఊపిరి సగం తీసుకొని ఆగి ఉంటుంది.

ఒక ఏడాది శ్రీరామనవమి పందిట్లో ఎవరో సరిగ్గా ఆ క్షణంలో నా ఫోటో తీశారు. తర్వాత దాన్ని ఫ్రేము కట్టించి ఇంటికి తెచ్చి ఇస్తూ, “ఏం మేడమ్, ఆ రోజు ఇంట్లో ఏమైనా సమస్యా? అంత దిగులుగా ఉన్నారు” అని ఎంతో ఆప్యాయంగా అడిగారు. ఆ రోజు నాకు ఏ సమస్యా లేదు. మోహన రాగం వింటూ ఉన్నాను. ఎంత సుఖంగా ఉన్నానో చెప్పలేను. ఆ ఫోటో, ఈ బొమ్మ పక్కపక్కన పెట్టి చూశాను. ముఖాలు కలవవు, చూపు కలుస్తుంది. వినడంలో పూర్తిగా మునిగినవాళ్ల ముఖం బయటివాళ్లకు దిగులుగానే కనిపిస్తుంది. ముఖంలోని కండరాలకు అప్పుడు వేరే పనేమీ ఉండదు. నవ్వాలనీ ఉండదు, ఎవరినీ పలకరించాలనీ ఉండదు.

మా నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. తాడిపత్రి, ధర్మవరం, హిందూపురం, ఎక్కడ నాటకం పెట్టినా పెట్టె నెత్తిన పెట్టించుకొని పోయేవారు. పద్యం మధ్యలో నటుడు రాగం తీస్తూ ఎక్కడ ఆగుతాడో ఏ కాగితంలోనూ రాసి ఉండదు. ఆయన గొంతు దమ్మును బట్టి, ఆ రాత్రి జనం కొట్టే చప్పట్లను బట్టి ఉంటుంది. చిన్నప్పుడు నేను పక్కన కూర్చొని ఇంట్లో సాధనలో ముందే స్వరం వేసేస్తే నాన్న చెయ్యి పట్టుకొని ఆపేవారు. “ఆయప్ప ఇంగా గుక్క తిప్పుకోలా, నువ్వెందుకు ముందే పోతావుండావు?” అనేవారు. ఆయన మాత్రం పెట్టె మీద వేళ్లు ఆనించి, నటుణ్ణి కూడా చూడకుండా, రంగస్థలం పక్క తెరవైపు చూస్తూ ఉండేవారు. నటుడి ముఖం చూస్తే ఆలస్యమైపోతుందని, చెవి ముందు వింటుందని చెప్పేవారు. ఈ బొమ్మలో అబ్బాయి పక్కకు చూడటం మొదటిసారి గమనించినప్పుడు నాకు నాన్నే గుర్తొచ్చారు.

మా పిల్లల్లోనూ ఇదే చూస్తాను. కొన్ని కీర్తనలు తాళంతో పాటే మొదలుకావు. తాళం ముందు పడుతుంది, పల్లవి కాస్త ఎడం ఇచ్చి ఎత్తుకోవాలి. అనాగతం అంటాం. కొత్తగా నేర్చుకొనేవాళ్లు ఆ ఎడంలో నా ముఖం చూస్తారు, నేను తలూపితే మొదలుపెడదామని. పాఠం ఒంటబట్టాక నావైపు చూడటం మానేస్తారు. తొడ మీద తట్టు పడుతుంది, కళ్లు గోడవైపు పోతాయి, పెదవులు మూసుకుంటాయి, పల్లవి వస్తుంది. ఆ మూసిన పెదవులను చూసి ఈ పిల్లకు పాట వచ్చేసిందని నాకు పాడకముందే తెలుస్తుంది.

ఈ అబ్బాయి పాడబోతున్నాడా, పాడి ముగించాడా అన్నదాని మీద రెండు అభిప్రాయాలున్నాయి. ఇప్పుడే పాట ఆపాడు, ఆ నాదం ఇంకా చెవుల్లో ఉంది అని రాసినవాళ్లు ఉన్నారు. అందమైన ఆలోచనే. నాకు మాత్రం పాడబోయేవాడిలాగే కనిపిస్తాడు. పాడేసినవాడికి కాగితంతో పని తీరిపోతుంది, చెయ్యి కిందికి జారుతుంది. ఇతను దాన్ని రొమ్ము ముందు పట్టుకొనే ఉన్నాడు. చదవడం లేదు కానీ వదలడమూ లేదు. దవడ గట్టిగా ఉంది. ఇది నా తీర్పు, వేరేగా అనిపించినవాళ్లు వేరేగా చెప్పవచ్చు. ఎవరు ఏం చెప్పినా చేతినీ కాగితాన్నీ చూసి చెప్పాలని మాత్రమే నా మనవి.

కళ్ల గురించి ఇంకొక్క మాట. జాగ్రత్తగా చూస్తే రెండు కంటిపాపలూ ఒకే సైజులో లేవు. లియొనార్డో వెలుగులో కంటిపాప చిన్నదవుతుందని, చీకట్లో పెద్దదవుతుందని తన నోటుపుస్తకాల్లో రాసుకున్న మనిషి. అంత గమనించేవాడు ఊరికే అలా వేసి ఉండడు. వెలుగువైపు తిరిగిన ఆ కళ్లు వెలుగుకు స్పందిస్తున్నాయి. అంటే బతికున్న కళ్లు అవి, శూన్యంలోకి చూస్తున్న కళ్లు కావు. మీ వ్యాసంలో ‘శూన్యదృష్టి’ అని రాశారు కనుక ఇది చెప్పవలసి వచ్చింది.

లియొనార్డోకు సంగీతకారుడి ముఖం ఎలా తెలుసు అంటారేమో. ఆయనే వాయించేవాడు. ఆయన వాద్యం లిరా ద బ్రాచో, భుజానికి ఆనించి కమానుతో పలికించేది. మా వయొలిన్‌కు దూరపు చుట్టం. మామూలుగా ఏడు తీగలు, అందులో రెండు పక్కకు ఉండి శ్రుతి ఇస్తూ ఉంటాయి. మిలాన్‌కు వచ్చేటప్పుడు గుర్రం పుర్రె ఆకారంలో వెండితో తానే చేసుకున్న వాద్యం పట్టుకొచ్చాడని ఆయన జీవితచరిత్ర రాసిన వసారీ చెప్పాడు. కాబట్టి ఈ బొమ్మ చిత్రకారుడు ఒక పాటగాణ్ణి చూసి వేసింది మాత్రమే కాదు. వాయించేవాడు పాడేవాణ్ణి చూసి వేసింది. ఆ కాచుకోవడం ఆయన స్వయంగా ఎరిగినది.

అదే లియొనార్డో తన రాతల్లో సంగీతాన్ని చిత్రకళకు చెల్లెలు అన్నాడు. పుట్టిన మరుక్షణమే చనిపోతుంది కాబట్టి చిత్రకళ కంటే ఒక మెట్టు కింద అన్నాడు. ఈ ఒక్క మాట దగ్గర ఆయనతో నాకు తగవు ఉంది. ఆ మాట ఎంత కష్టం పెడుతుందో మన సీమ సంగీతం చూసినవాళ్లకు తెలుసు.

ఈ బొమ్మ వేస్తున్న ఏళ్లలో తాళ్లపాక అన్నమాచార్యులు ఇంకా బతికే ఉన్నారు. ఆయన కాలం 1408 నుంచి 1503. మిలాన్‌లో ఈ కుర్రవాడు కాగితం పట్టుకొని కూర్చున్నప్పుడు ఇక్కడ డెబ్బై దాటిన అన్నమయ్య సంకీర్తనలు పాడుతూ ఉన్నారు. ఆ సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు, తిరుమల గుడిలో భద్రం చేశారు. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఏ స్వరం తర్వాత ఏ స్వరమో లేదు. శతాబ్దాల తర్వాత రేకులు బయటికి వచ్చాక ఆ పాటలు పాడించాలంటే మళ్లీ వరుసలు కట్టవలసి వచ్చింది. ఆ పనికి నడుం కట్టినవారిలో ముఖ్యులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు. మా అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టినవారు. మైసూరులో తెలుగు పాఠాలు చెప్పి, తర్వాత తిరుపతిలో ఆ రేకుల మీద పనిచేశారు. ఎన్నో కీర్తనలకు స్వరాలు కట్టి, నొటేషన్‌తో అచ్చువేయించారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మా పిల్లలు ఇవాళ అన్నమయ్య పాట పాడుతున్నారంటే అలాంటి పెద్దల చేతి కాగితాల పుణ్యమే.

అందుకే ఒక పాటగాడి చేతిలో స్వరాలు రాసిన కాగితం కనిపిస్తే నాకు అది అలంకారంగా కనిపించదు. అన్నమయ్య గొంతు నుంచి అలాంటి కాగితం ఒక్కటి, సగం చెరిగిపోయినదైనా సరే, మనకు దక్కి ఉంటే ఏమిచ్చి కొనుక్కుంటాం? ఆ భాగాన్ని కత్తిరించి పక్కన పడేయడం చూసి మనసు చివుక్కుమన్నది అందువల్లే. దయచేసి వచ్చే అనుబంధాల్లో ఎప్పుడైనా ఈ బొమ్మను పూర్తిగా, చట్రం అంచు నుంచి అంచు దాకా, మళ్లీ ఒకసారి వేయండి. పెద్దదిగా వేయకపోయినా ఫరవాలేదు. సంగీతం నేర్చుకొనే పిల్లలు, బొమ్మలు వేసే పిల్లలు చాలామంది మీ అనుబంధాన్ని కత్తిరించి పుస్తకాల్లో దాచుకుంటారు. వాళ్ల దగ్గర చెయ్యి ఉన్న బొమ్మ ఉండాలి. వ్యాసకర్త గారు నా మాటతో ఏకీభవించనక్కర్లేదు. పూర్తి బొమ్మ చూశాక వారికి ఏమనిపించిందో రాస్తే మొదట చదివేది నేనే.

ఇంకొక విన్నపం. ఇలాంటి బొమ్మలను వివరించే శీర్షిక మీరు కొనసాగిస్తారని ఆశిస్తున్నాను. కొనసాగిస్తే లేపాక్షిని మరచిపోవద్దు. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్ల దూరం. ఈ మిలాన్ బొమ్మ వేసిన సుమారు యాభై ఏళ్లకు, అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన వీరభద్రస్వామి గుడి. అక్కడి నాట్యమంటపంలో రంభ నాట్యం చేస్తుంటే వాద్యాలు పట్టుకున్న దేవతలు స్తంభాల మీద నిలబడి ఉన్నారు. తుంబురుడు వీణతో ఉన్నాడు. పైకప్పు మీద గుడి కట్టించిన విరూపన్న, వీరన్న అన్నదమ్ముల బొమ్మలు కూడా రంగుల్లో వేశారు. కట్టించినవాళ్ల ముఖాలు ఉన్నాయి, వాయించే చేతులన్నీ దేవతలవే. ఆ గుళ్లో నిజంగా మద్దెల వాయించిన మనిషి, పాట పాడిన మనిషి ఎలా ఉండేవాడో ఏ చిత్రకారుడూ మనకు వేసిపెట్టలేదు. మన దగ్గర వ్యక్తి చిత్తరువుకు ఉన్న చోటు వేరు, శిల్పానికి ఉన్న చోటు వేరు అని తెలుసు. తెలిసినా ఆ లోటు నన్ను బాధిస్తుంది. దాని గురించి కళాచరిత్ర తెలిసినవాళ్ల చేత మీరు రాయించాలి.

అక్కడ ఫోటోలు తీయడానికి మీరు ఎవరినైనా పంపేటట్లయితే, సెలవు రోజు వద్దు. జనం ఎక్కువగా ఉండి స్తంభాల దగ్గర నిలబడనివ్వరు. మామూలు రోజు పొద్దున్నే గుడి తెరిచే వేళకు రమ్మనండి. నాకు ముందుగా కబురు చేస్తే నేనూ వచ్చి, ఏ స్తంభం మీద ఏ వాద్యం ఉందో, వాయించేవాళ్ల చేతులు ఏ స్థానంలో ఉన్నాయో దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, వయొలిన్ టీచర్,
అనంతపురం